‘ట్రావెలింగ్ సోల్జర్’: హీరోకి ఇంగ్లీషు ఎందుకు కావాల్సి వచ్చింది?

తెలుగు మాట ఒక్కటీ లేని తెలుగు సినిమా పాటల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిల్లో పాతికేళ్లు దాటినా జనం మర్చిపోని పాట నాకు తెలిసి ఒక్కటే, ‘తమ్ముడు’ సినిమాలో ‘ట్రావెలింగ్ సోల్జర్’. 1999 జులై 15న విడుదలైన సినిమా. పి.ఎ. అరుణ్ ప్రసాద్ దర్శకుడు, పవన్ కళ్యాణ్ హీరో, రమణ గోగుల సంగీతం. పాట పాడింది కూడా గోగులే. అప్పుడు నాకు పదేళ్లు. చిక్కడపల్లిలో మా సందులో పిల్లలందరికీ ఈ పాట ట్యూన్ వచ్చు, మాటలు ఎవరికీ రావు. మాటలున్న చోట నోటికొచ్చిన శబ్దాలు పెట్టుకుని పాడేవాళ్లం. పెద్దవాళ్లు కూడా దాదాపు అదే పని చేసేవాళ్లు.

ఈ పాట గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా రెండు విషయాలు చెప్తారు: ట్రైనింగ్ సీన్, పవన్ కళ్యాణ్ వేళ్ల మీదుగా పోయే కారు. రెండూ బొమ్మకి సంబంధించినవి. పాటని పాటగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నా ప్రశ్న చిన్నది. మాస్ హీరో సినిమాలో, కథ మలుపు తిరిగే చోట, థియేటర్లో సగం మందికి పైగా అర్థం కాని భాషలో పాట ఎందుకు పెట్టారు? ‘స్టైల్ కోసం’ అనేది తేలికైన జవాబు. అంతకంటే ఎక్కువే ఉందని నా అనుమానం.

*

ముందు ఆ రోజుల్లో రాక్ ఎలా ఉండేదో చూద్దాం. నిర్వాణా ‘నెవర్‌మైండ్’, పర్ల్ జామ్ ‘టెన్’ రెండూ 1991లో వచ్చాయి. సియాటిల్ చుట్టుపక్కల పుట్టిన ఆ మోతని గ్రంజ్ అన్నారు. చిరిగిన జీన్స్, గళ్ల చొక్కా, గరగరలాడే గిటారు, గొంతు చించుకుని పాడే పాట. అంతకు ముందు దశాబ్దంలో రాక్ స్టార్ అంటే మెరిసే బట్టలేసుకుని గెలిచినవాడు. గ్రంజ్‌లో పాడేవాడు ఓడిపోయినవాడు, ఆ సంగతి దాచుకోనివాడు. 1994 ఏప్రిల్లో కర్ట్ కొబేన్ చనిపోయాక ఆ ఊపు తగ్గింది గానీ, శబ్దం మాత్రం ఆ దశాబ్దం చివరి దాకా ప్రపంచమంతా తిరిగింది. మన దాకా ఛానెల్ వీ, ఎంటీవీల మీదుగా వచ్చింది. కోఠిలో పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్లో నింపిచ్చే షాపుల మీదుగా కూడా వచ్చింది. ఒకవైపు ఇళయరాజా, రెండోవైపు పేరు సరిగ్గా పలకడం కూడా రాని అమెరికన్ బ్యాండ్ ఉన్న క్యాసెట్లు మా ఇంట్లో రెండు మూడు ఉండేవి.

ఆ గాలి పీల్చినవాడే రమణ గోగుల. ఇంజనీరు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పెద్ద హోదాల్లో పనిచేసినవాడు. సినిమాలకి రాకముందే మిస్టీ రిథమ్స్ అనే బ్యాండుతో ‘ఆయే లైలా’ అనే పాప్ ఆల్బమ్ చేశాడు. 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో తెలుగు సినిమాలోకి వచ్చాడు, ‘తమ్ముడు’ ఆ మరుసటి ఏడు. అతని గొంతు సినిమా గొంతు కాదు. ఘంటసాల, బాలు అలవాటు చేసిన నిండుదనం అందులో వెతికినా దొరకదు. కొంచెం బొంగురు, కొంచెం ముక్కు, మాట చివర్లో సాగదీత. శాస్త్రీయ సంగీతం విని పెరిగిన మా పెద్దనాన్న ‘వీడికి జలుబు చేసిందేమో’ అనేవాడు. అదే సినిమాలో ‘పెదవి దాటని మాటొకటుంది’ పాటలో సునీత పక్కన అదే గొంతు వింటే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఆమె తేలిపోతుంటే ఇతను నేల మీద నడుస్తుంటాడు. ‘ట్రావెలింగ్ సోల్జర్’ దగ్గరికొచ్చేసరికి ఆ లోపమే పనికొచ్చింది. గిటారు గరగరకి ఆ గొంతు సరిగ్గా అతికింది. గమకం లేదు, ఆలాపన లేదు, కోరస్ అమ్మాయిలు లేరు. బాగా పాడుతున్నాడనిపించుకోవాలనే తాపత్రయం కూడా లేదు.

కాబట్టి శబ్దం వరకు ఇది గ్రంజ్ కాలపు పాటే. అచ్చమైన గ్రంజ్ మాత్రం కాదు, దాని అంచులు అరగదీసి రేడియోకి సరిపోయేలా చేసిన పాప్ రాక్. మరి స్వభావం?

*

పాట మొదట్లో ఒకడు అద్దంలో తన ముఖం చూసుకుంటాడు. ఆ కనపడేది ఏమిటో తెలియక ఆలోచనలో పడతాడు. నేనెవడిని అంటే, ఊళ్లు తిరిగే ఒక మామూలు సిపాయిని, అంతకు మించి ఏమీ కాదు అని తేల్చుకుంటాడు. అక్కడి దాకా గ్రంజే. ఆ వెంటనే, నాలో ఎంతుందో అంతా అయి చూపిస్తాను అని మాటిస్తాడు. ఈ మాట ఎక్కడో విన్నట్టుందని చాలా రోజులు అనుకున్నాను. 1980ల మొదటి నుంచి 2001 దాకా అమెరికా సైన్యం తన భర్తీ ప్రకటనల్లో దాదాపు ఇదే అర్థం వచ్చే నినాదం వాడింది. గోగుల కావాలనే తీసుకున్నాడో, ఆ రోజుల్లో చెవిన పడి అలా వచ్చేసిందో చెప్పలేను. ఏదైనా పాటకి అది సరిగ్గా సరిపోయింది. సిపాయి అనుమానంతో మొదలై భర్తీ ప్రకటనతో ముగుస్తాడు. మధ్యలో ఉన్న దూరం రెండు మూడు లైన్లు.

ఇక్కడ పక్కన పెట్టి చూడాల్సిన ఆల్బమ్ ఒకటుంది. 1992లో కామెరాన్ క్రో తీసిన ‘సింగిల్స్’ అనే సినిమా సౌండ్‌ట్రాక్. సియాటిల్లో అద్దె గదుల్లో ఉండే ఇరవైల్లోని కుర్రకారు కథ. పాటల ఆల్బమ్ సినిమా కంటే ముందే వచ్చి సినిమాని మించిపోయింది. పర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, మడ్‌హనీ, స్మాషింగ్ పంప్‌కిన్స్ అందరూ ఉన్నారు. అందులో ఆలిస్ ఇన్ చెయిన్స్ పాట ‘వుడ్?’ గుర్తు చేసుకోండి. 1990లో హెరాయిన్ ఎక్కువై చనిపోయిన ఆండ్రూ వుడ్ అనే గాయకుడిని తలుచుకుంటూ రాసిన పాట. పేరు చివర్లోనే ప్రశ్నార్థకం ఉంది. ఆ ప్రశ్నకి పాటలో జవాబు రాదు. ఆ సినిమాలో మ్యాట్ డిలన్ వేసిన పాత్ర ఒక నాసిరకం బ్యాండు నాయకుడు. అతన్ని చివరికి పెద్ద స్టార్‌ని చేయాలని ఆ సినిమాకి తొందరేమీ లేదు.

‘తమ్ముడు’కి ఆ వీలు లేదు. కథ 1992 హిందీ సినిమా ‘జో జీతా వోహీ సికందర్’ నుంచి వచ్చింది, దాని వెనక 1979 నాటి అమెరికన్ సినిమా ‘బ్రేకింగ్ అవే’ ఉంది. మొదటి రెండిట్లో సైకిల్ పందెం, తెలుగుకొచ్చేసరికి కిక్ బాక్సింగ్. సైకిల్ పందెంలో నీ శత్రువు దూరం. కిక్ బాక్సింగ్‌లో ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, దెబ్బలు ఒంటి మీద పడతాయి. ‘బ్రేకింగ్ అవే’లో ఊరి క్వారీలో రాళ్లు కొట్టిన కార్మికుల పిల్లలు, యూనివర్సిటీ పిల్లలతో పోటీ పడతారు. వర్గం అనేది ఆ కథకి వెన్నెముక. తెలుగులో అది పల్చబడి అన్నకి జరిగిన అన్యాయానికి తమ్ముడి జవాబుగా మారింది. ఆవారాగా తిరిగే తమ్ముడు, అన్న గాయపడ్డాక అన్న స్థానంలో బరిలోకి దిగాలి. దిగే ముందు తయారవ్వాలి. ఆ తయారీయే మన పాట.

ట్రైనింగ్ పాటలకి ఒక వ్యాకరణం ఉంది. 1982లో ‘రాకీ 3’ కోసం సర్వైవర్ బ్యాండు చేసిన ‘ఐ ఆఫ్ ద టైగర్’ తర్వాత అది ప్రపంచమంతా పాకింది. నెలల శ్రమని నిమిషాల్లోకి కుదిస్తారు. మొదటి షాట్లో చేతకానిది చివరి షాట్లో చేతనవుతుంది. పాట అయిపోయేసరికి మనిషి మారిపోయి ఉంటాడు. ‘ట్రావెలింగ్ సోల్జర్’ చిత్రీకరణ ఈ వ్యాకరణంలో తప్పు లేకుండా రాసిన వాక్యం. పైగా పవన్ కళ్యాణ్‌కి మార్షల్ ఆర్ట్స్ నిజంగా వచ్చు కాబట్టి, చేతివేళ్ల మీదుగా కారు పోతుంటే అది డూప్ కాదన్న నమ్మకం చూసేవాళ్లలో పుట్టింది. నమ్మకం ఎంత బలంగా పుట్టిందంటే పాటలో వినపడే సందేహం బొమ్మలో ఎక్కడా కనపడదు. చెవిలో ఒకడు నేనెవడిని అంటుంటే, కంటి ముందు ఇంకొకడు నేనే అంటున్నాడు.

*

ఇప్పుడు ఇంగ్లీషు సంగతి.

సినిమా పేరు మళ్లీ చూడండి, ‘తమ్ముడు’. హీరో పరిచయమే ఒక చుట్టరికం. కథలో అతను అన్నకి తమ్ముడు, తండ్రికి పనికిరాని కొడుకు. కథ బయట చిరంజీవికి తమ్ముడు. 1996లో వచ్చిన మొదటి సినిమా నుంచీ ఆ ముద్ర ఉంది. 1998లో ‘తొలిప్రేమ’ తర్వాత సొంత గుర్తింపు వచ్చినా, ఈ పేరుతో సినిమా తీస్తే థియేటర్లో ఎవరి తమ్ముడో ఎవరికీ చెప్పక్కర్లేదు.

తెలుగు సినిమా పాటలో హీరో ‘నేను’ అన్నాడంటే రెండే సందర్భాలు. ఒకటి పరిచయ గీతం, అక్కడ ‘నేను’ అంటే గొప్ప చెప్పుకోవడం. రెండోది విషాద గీతం, అక్కడ ‘నేను’ అంటే ప్రేమలో దెబ్బతిన్నవాడు, దేవదాసు సంతతి. మూడో ‘నేను’ ఒకటుంటుంది. ఏ అమ్మాయీ మోసం చెయ్యలేదు, ఎవరూ చచ్చిపోలేదు, ఊరికే తనెవరో తనకి తెలియని ‘నేను’. ఆ ‘నేను’కి తెలుగు మాస్ పాటలో చోటు లేదు. తెలుగులో ఆ మాట అనగానే చుట్టూ అమ్మ, నాన్న, అన్న, ఊరు వచ్చి చేరతారు. వాళ్ల ముందు నిలబడి ‘నేనెవడినో నాకు తెలీదు’ అంటే హీరో చిన్నబోతాడు. పైగా ఫ్యాన్స్ ఒప్పుకోరు.

ఇంగ్లీషులో ‘ఐ’ ఒంటరిది. దానికి అన్న లేడు, నాన్న లేడు. ‘తమ్ముడు’ అనే సినిమాలో హీరో ఎవరికీ తమ్ముడు కాకుండా ఉన్న కొన్ని నిమిషాలు ఈ పాటే. కథ ప్రకారం అతను అన్న కోసమే తయారవుతున్నాడు, నిజమే. కానీ పాట మొదట్లో అన్న ప్రస్తావనే లేదు. ఒక అద్దం, ఒక ముఖం, అంతే. తెలుగు గీత రచయితకి అదే సందర్భం ఇచ్చి ఉంటే మొదటి చరణంలోనే అన్న నెత్తురూ నాన్న కన్నీళ్లూ వచ్చేసేవి. ఆ పాట కూడా హిట్టయ్యేదేమో. ఈ పాట అయ్యేది కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. అర్థం కాకపోవడం వల్లే ఆ సందేహం సినిమాలో బతికిపోయింది. థియేటర్లో ఈలలేసేవాడికి వినపడింది గిటారు, అరుపు, వేగం. తన హీరో అద్దం ముందు తికమకపడుతున్నాడని అతనికి తెలియదు. తెలిస్తే ఈల వేసేవాడా? ఇంగ్లీషు ఇక్కడ స్టైల్ పని ఒకటే చెయ్యట్లేదు, బలహీనతని దాచే పరదా పని కూడా చేస్తోంది. దర్శకుడు, సంగీత దర్శకుడు ఇదంతా లెక్కేసి చేశారని నేననను. ఫలితం మాత్రం ఇది.

దీనికి ఒక ఎదురు వాదన నాకే తోస్తుంది. ఓటమిని పాడుకోవడం తెలుగుకి కొత్తా? 1981లో ‘ఆకలి రాజ్యం’ ఉంది కదా. ఉద్యోగం లేని కమల్ హాసన్ ఢిల్లీలో శ్రీశ్రీ కవిత్వం వల్లిస్తూ తిరుగుతాడు, స్నేహితులతో కలిసి ఆకలిని ఎగతాళి చేస్తూ పాడతాడు. గ్రంజ్ పుట్టక ముందే మనకి గ్రంజ్ మనిషి దొరికాడు, కాకపోతే గిటారు లేదు. ఒప్పుకుంటాను. అయితే ఆ ‘నేను’ వెనక ఒక ‘మేము’ ఉంది. నిరుద్యోగ యువత, దేశం, వ్యవస్థ ఉన్నాయి. ఓటమికి కారణం బయట ఉంది, దాన్ని వేలెత్తి చూపొచ్చు. 1999 నాటికి ఆ వేలు దిగిపోయింది. సైబర్ టవర్స్ అంతకు ముందు ఏడాదే తెరుచుకుంది. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుంటే అమెరికా అన్న నమ్మకం ఊరంతా ఉంది. కోఠి ఫుట్‌పాత్ మీద ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు గుట్టలుగా ఉండేవి. గెలిస్తే నీ ఇంగ్లీషు వల్ల, ఓడితే నీ వల్ల. అలాంటి కాలంలో సందేహం ‘మేమేమిటి’ అని రాదు, ‘నేనేమిటి’ అని అద్దంలోంచి వస్తుంది. వచ్చేది కూడా ఆ కొత్త భాషలోనే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంజనీరు ఆ పాట కట్టడం కాకతాళీయం అనిపించదు నాకు.

*

ఈ పాటకి రెండో జీవితం అశోక్ నగర్‌లో దొరికింది. తెలియనివాళ్ల కోసం: చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్ నగర్ దాకా ఉన్నది గ్రూప్స్ రాసేవాళ్ల ప్రపంచం. కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు, జిరాక్స్ షాపులు, ఒక గదిలో నలుగురు. పొద్దున్నే లైబ్రరీలో చోటు కోసం క్యూ. మా బాబాయి కొడుకు కరీంనగర్ నుంచి వచ్చి అక్కడ ఐదేళ్లున్నాడు. వాడి ఫోన్లో పొద్దున నాలుగున్నర అలారం ఈ పాట. వాడొక్కడే కాదు, వాడి గదిలో అందరికీ ఈ పాట తెలుసు. వాళ్లలో ఎక్కువమంది ఈ సినిమా వచ్చినప్పుడు పుట్టి కూడా ఉండరు.

2022 ఏప్రిల్లో తెలంగాణ గ్రూప్ 1 నోటిఫికేషన్ వచ్చింది, 503 పోస్టులు. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబర్లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్. అంటే ఒకే పరీక్షకి మూడుసార్లు తయారవ్వడం. రెండోసారి రద్దయిన వారం వాడు మా ఇంటికి భోజనానికొచ్చాడు. మాటల మధ్యలో అలారం పాట సంగతి ఎత్తితే నవ్వి, ‘‘మార్చేసిన అన్నా. పాటల వాడు నాలుగు నిమిషాల్ల తయారైతడు. మనది మూడేండ్లైనా పాట అయిపోతలేదు’’ అన్నాడు.

నేను చదివిన సినిమా విమర్శలో ట్రైనింగ్ పాటల మీద ఇంత సూటి మాట ఇంకోటి లేదు. కష్టపడితే ఫలితం వస్తుందన్న నమ్మకం మీదే ఆ వ్యాకరణం నిలబడింది. మొదటి షాట్‌కీ చివరి షాట్‌కీ మధ్య ఎవరో పేపర్ లీక్ చేస్తారని, కోర్టు రద్దు చేస్తుందని అందులో ఉండదు. వాడు రెండుసార్లు తయారయ్యాడు. తప్పు వాడిది కాదు, అయినా అద్దంలో కనపడేది వాడి ముఖమే. ‘ఆకలి రాజ్యం’ కుర్రాడికి కోప్పడటానికి ఒక ప్రభుత్వం ఉంది, పాడుకోవడానికి శ్రీశ్రీ ఉన్నాడు. 2023లో అశోక్ నగర్ రోడ్డు మీద నినాదాలు వినపడ్డాయి గానీ, గదికెళ్లాక ఇయర్‌ఫోన్స్‌లో వినడానికి మనం వాళ్లకిచ్చింది స్ఫూర్తి పాటలే. ఇంకా కష్టపడు అనే పాటలు. ఇప్పుడు ఆగిపోయినా నువ్వు మనిషివే అనే పాట మన దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

*

పాట గొప్పదా? సాహిత్యంగా కాదు. ఇంగ్లీషు మాటలు తేలిక మాటలు, కొన్నిచోట్ల ట్యూన్‌కి అతికించినవి. సియాటిల్ వాళ్ల లోతు అందులో లేదు. తర్వాతి సినిమాల్లో గోగుల ఇంతకంటే మెరుగైన ట్యూన్లు కట్టాడు. ‘బద్రి’లో సరదా ఉంది, ‘జానీ’లో పనితనం ఉంది. 2001లో అరుణ్ ప్రసాదే విజయ్‌తో ‘తమ్ముడు’ని తమిళంలో ‘బద్రి’గా తీసినప్పుడు ఈ పాట కూడా వెంట వెళ్లింది. హీరో మారాడు, భాష మారింది, పాటకి మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది. ఎవరికీ సొంతం కాని భాషలో ఉన్నందుకు దొరికిన సౌకర్యం అది. 2025లో ‘సంక్రాంతికి వస్తున్నాం’లో గోగుల గొంతు మళ్లీ వినపడ్డప్పుడు ఊరంతా మురిసిపోయింది. పాత స్నేహితుడు ఫోన్ చేసినట్టు ఉందన్నారు మా ఆఫీసులో. ఆ గొంతు ఒకప్పుడు ఏ పని చేసిందో మాత్రం ఎవరూ మాట్లాడుకోలేదు.

తెలుగు కమర్షియల్ సినిమాలో ఒక హీరోకి తనెవరో తెలియని క్షణం ఇచ్చిన పాట అది. అరువు భాషలో అయినా, పరదా వెనక అయినా, రెండు మూడు లైన్లే అయినా ఇచ్చింది. మనం ఆ లైన్లని వదిలేసి వాటి తర్వాత వచ్చిన నినాదాన్ని పట్టుకున్నాం. దాన్ని అలారం చేసుకున్నాం, రీల్స్‌కి తగిలించాం, కోచింగ్ సెంటర్ వీడియోలకి అతికించాం. పాట పేరులో గెలిచిన సిపాయి లేడు. తిరుగుతున్న సిపాయి ఉన్నాడు, ఎక్కడికో ఇంకా చేరలేదు. అశోక్ నగర్ గదుల్లో ఉన్నవాళ్లకి దగ్గరివాడు అతనే.

ఈసారి విన్నప్పుడు వీడియో పెట్టకండి, ఆడియో మాత్రమే వినండి. కారు, వేళ్లు, చెమట ఏవీ ఉండవు. జలుబు చేసినట్టున్న ఒక గొంతు అద్దం ముందు నిలబడి, తనకి తెలియని సంగతి తనకి తెలియదని ఒప్పుకుంటుంది. ఆ సంగతి తెలుగులో ఒప్పుకునే రాక్ పాట కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.